విశాఖ ఉప్పుగాలిలో పనిముట్లు, ఇంటి మరమ్మతులు: ముందు కడగండి, తర్వాతే నూనె

హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి మెరుస్తూ ఉండే పానా, విశాఖలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలో బాల్కనీ అలమరలో పెడితే ఒక్క వానాకాలానికే ఎర్రబడిపోతుంది. నూనె రాసి పెట్టినా అంతే. రాసిన నూనె మంచిది కాదేమోనని ఇంకా ఖరీదైన డబ్బా కొంటారు, అయినా తుప్పు ఆగదు. తప్పు నూనెది కాదు. నూనె కింద ఉప్పు ఉండిపోయింది.

సముద్రం మీంచి వచ్చే గాలిలో సన్నటి ఉప్పు తుంపర ఉంటుంది. అది ఇనుము మీద కంటికి కనపడని పొరగా పేరుకుంటుంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని లాక్కుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లేది అందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ చాలు. కాబట్టి ఎండ కాసే మధ్యాహ్నం కూడా ఆ పొర తడిగానే ఉంటుంది. పైన నూనె రాస్తే తడి ఉప్పు లోపల ఇరుక్కుని తన పని తాను చేసుకుపోతుంది. ఈ ఊళ్ళో పనిముట్లు దాచుకోవాలన్నా, గ్రిల్లుకి రంగు వేయాలన్నా, కిటికీ స్క్రూ మార్చాలన్నా మొదటి పని ఒకటే: మంచినీళ్ళతో ఉప్పు కడిగేయడం.

మంచినీళ్ళు అన్నది ఊరికే వాడిన మాట కాదు. తీరానికి దగ్గరి బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పు తీసి ఉప్పు పూసినట్టే. కార్పొరేషన్ కొళాయి నీళ్ళు వాడండి. చివరి తడుపుకి ఒక లీటరు ఆర్వో నీళ్ళు ఉంటే ఇంకా మంచిది.

ఉప్పు పోయిందో లేదో చూసుకోవడానికి చవకైన మార్గం ఉంది. ఆర్వో ఉన్న చాలా ఇళ్ళల్లో పెన్నులాంటి టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపేది, ఉంటుంది. శుభ్రమైన గ్లాసులో 50 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్ళు పోసి రీడింగ్ చూడండి. ఆ నీళ్ళలోనే దూది తడిపి, గ్రిల్లు మీద జానెడు మేర గట్టిగా తుడిచి, దూదిని మళ్ళీ గ్లాసులో పిండి ఇంకోసారి చూడండి. మొదట 40 ఉన్నది 150కో 200కో ఎగబాకితే అక్కడ ఉప్పు గట్టిగానే ఉంది. కడిగి ఆరాక, తుడవని పక్క జాగాలో అదే పరీక్ష చేయండి. అంకె పెద్దగా కదలకపోతే రంగు పనికో, నూనె పనికో దిగొచ్చు. దూది మాత్రం రెండుసార్లూ ఒకే ప్యాకెట్లోది వాడాలి, చేతికి గ్లవుజు ఉండాలి. చెమటలో కూడా ఉప్పుంటుంది.

పనిముట్లు దాచే పద్ధతి

పని అయ్యాక పానాలు, కటింగ్ ప్లేయర్, ఉలులు ఒక మగ్గు నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, అరగంట ఫ్యాను కింద పెట్టండి. కీలు ఉన్నవాటిని, అంటే ప్లేయర్, స్క్రూ స్పానర్ లాంటివి, తెరిచి మూసి లోపలి నీరు బయటికి వచ్చేలా చేయాలి. అప్పుడు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు గుడ్డ మీద వేసి పల్చగా తుడవండి. నూనె కారేటట్టు పూస్తే దుమ్ము పట్టడం తప్ప లాభం లేదు. నెలల తరబడి తీయని పనిముట్టుకి నూనె కంటే గ్రీజు పల్చటి పూత మేలు.

డబ్ల్యూడీ-40 గురించి ఒక మాట. పేరులోని డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, అది నీటిని తరిమే ద్రవం. తడిసిన డ్రిల్లు చక్ మీద, బిగుసుకున్న తాళంలో బాగా పనిచేస్తుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది కాబట్టి దాన్నే ఆర్నెల్ల రక్షణ అనుకోకూడదు. దాంతో నీళ్ళు తరిమి, మీద అసలు నూనె రాయాలి. వంట నూనె మాత్రం వద్దు, గాలి తగిలి జిగురు కడుతుంది.

ఆకురాళ్ళకి నూనె రాయకండి. నూనె పట్టిన ఆకురాయి జారుతుంది, రజను పళ్ళలో ఇరుక్కుంటుంది. తీగ బ్రష్‌తో దులిపి, పళ్ళ మీద సుద్దముక్క రుద్ది, కాగితంలో చుట్టి పెట్టండి.

పెట్టె విషయంలో చాలామంది రేకు పెట్టె కొంటారు. రాత్రి రేకు చల్లబడినప్పుడు లోపలి గాలిలోని తేమ గోడల మీద చెమటలా పడుతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టె, లోపల 100 గ్రాముల సిలికా జెల్ గింజలు గుడ్డసంచిలో, ఇదే ఈ ఊరికి సరైన ఏర్పాటు. రంగు మారే రకం గింజలు తీసుకుంటే ఎప్పుడు తడిసిందీ తెలుస్తుంది. వాటిని 120 డిగ్రీల దగ్గర గంటన్నర వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి, ఆ గిన్నె మాత్రం వంటకి వాడొద్దు. అట్టపెట్టెలు, తోలు ఒరలు తేమని పీల్చి ఇనుముకి ఆనించి ఉంచుతాయి, వాటిలో ఉలి దాచకండి.

అన్నిటికంటే పెద్ద శత్రువు చాలా ఇళ్ళల్లో అదే అలమరలో ఉంటుంది: బాత్రూం యాసిడ్ సీసా. మూత బిగించినా దాని ఆవిరి బయటికి వస్తూనే ఉంటుంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పక్కనున్న ఇనుమంతా రోజుల్లో ఎర్రబడుతుంది. పనిముట్లున్న గదిలోంచే దాన్ని తీసేయండి. బ్లీచింగ్ పౌడర్ కూడా అంతే. పైగా ఆ రెండూ కలిస్తే ప్రాణాంతకమైన క్లోరిన్ గాలి పుడుతుంది.

పట్టిన తుప్పు వదిలించడం

లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ప్లాస్టిక్ తొట్టెలో కలపండి. పనిముట్టు మీది నూనె, గ్రీజు ముందు డిష్‌వాష్ సబ్బుతో పూర్తిగా కడగాలి, లేకపోతే ఆమ్లం తగలదు. మునిగేలా పెట్టి రెండు గంటలకోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. పల్చటి తుప్పు రెండు మూడు గంటల్లో, గట్టిది రాత్రంతా ఉంచితే వదులుతుంది. 12 గంటలు దాటి ఉంచొద్దు, తుప్పు అయిపోయాక ఆమ్లం మంచి ఇనుమునే తింటుంది.

తీశాక లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి అందులో ముంచండి, నురగ ఆగేదాకా. మంచినీళ్ళతో కడిగి వెంటనే హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే నూనె రాయండి. ఈ చివరి పది నిమిషాలు ఆలస్యమైతే కళ్ళముందే నారింజ రంగు పొర వస్తుంది. తుప్పు తీసిన ఇనుము ఉప్పుగాలిలో పచ్చిపుండు లాంటిది.

జింకు పూత ఉన్న నట్లు, ఇత్తడి, అల్యూమినియం ఆ తొట్టెలో వేయకండి. జింకు ముందు కరిగిపోతుంది. గట్టి స్ప్రింగులు కూడా వద్దు, ఆమ్లంలో నానితే లోపల హైడ్రోజన్ చేరి పెళుసెక్కి విరుగుతాయి.

బిగుసుకుపోయిన నట్టు

బాల్కనీ స్టాండు, ఏసీ బయటి యూనిట్ బిగించిన యాంగిల్, మోటారు పునాది బోల్టు, ఇవి ఈ ఊళ్ళో మామూలుగా ఊడిరావు. బలప్రయోగం చేస్తే తల తెగుతుంది. మొదట బయటికి కనిపిస్తున్న మరని తీగ బ్రష్‌తో శుభ్రం చేయండి. ఆ తుప్పు మీదుగానే నట్టు రావాలి కదా. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే నట్టు పక్క ముఖాల మీద చిన్న సుత్తితో ఓ డజను దెబ్బలు కొట్టండి, లోపలి తుప్పు పగులుతుంది. అప్పుడు ముందు బిగించే వైపు కొద్దిగా తిప్పి, తర్వాత వదులు చేసే వైపు తిప్పండి. కదిలాక అర చుట్టు వెనక్కి, పావు చుట్టు ముందుకి, మధ్యలో స్ప్రే. రింగు పానా లేదా ఆరు మూలల సాకెట్ వాడాలి. ఓపెన్ పానా రెండు ముఖాలనే పట్టుకుంటుంది కాబట్టి మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది.

అప్పటికీ రాకపోతే హ్యాక్సాతో నట్టుని ఒక ముఖం వెంబడి నిలువుగా, మర తగిలేదాకా కోసి, ఉలితో విప్పండి. స్ప్రే కొట్టినచోట మంట పెట్టొద్దు.

బాల్కనీ అంచుకి బయట వేలాడే ఏసీ స్టాండు జోలికి మీరు వెళ్ళకండి. అది తాడూ బెల్టూ ఉన్న మనిషి పని. కింద నుంచి ఏడాదికోసారి ఫోటో తీసి, పెద్దది చేసి చూడటం మాత్రం మీ పనే. వెల్డింగ్ దగ్గర పొరలు పొరలుగా ఉబ్బితే స్టాండు మార్చాల్సిందే, రంగు వేసి దాచేది కాదు.

ఏ స్క్రూ కొనాలి

పసుపు రంగు జింకు పూత స్క్రూలు గది లోపల చాలు. బాల్కనీకి, వంటింటి కిటికీకి, బాత్రూముకి స్టెయిన్‌లెస్ 304. బీచ్ రోడ్డు మీదో, రుషికొండ వైపో సముద్రానికి ఎదురుగా ఉన్న ముఖానికి 316. తేడా ఏమిటంటే 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడ్ గుంటలు పడకుండా అదే ఆపుతుంది. 304 కూడా ఎదురుగాలికి గోధుమరంగు మరకలు పడుతుంది. కడిగితే పోయే మరక అయితే ఫర్వాలేదు, గుంటలు కనిపిస్తే మార్చండి.

దుకాణంలో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి అసలు 304 అని చెబుతారు. ఆ పరీక్ష నమ్మకండి. నికెల్ తక్కువున్న చవక 202 రకం కూడా అయస్కాంతానికి అంటదు. తల మీద ఏ2 అని అచ్చు ఉంటే 304 తరగతి, ఏ4 ఉంటే 316 తరగతి. బోల్టుల మీద ఆ అచ్చు వెతకండి. చిన్న స్క్రూల మీద ఉండదు, పెట్టె మీద చూడాలి.

అల్యూమినియం కిటికీకి స్టీలు స్క్రూ వేసినచోట తెల్లపొడి వస్తుంటే అది రెండు లోహాల గొడవ. ఉప్పునీరు మధ్యలో చేరితే రెంటిలో బలహీనమైనది, అంటే అల్యూమినియం, కరుగుతుంది. పెద్ద అల్యూమినియం చట్రంలో చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ నెమ్మదిగా పాడుచేస్తుంది, కింద నైలాన్ వాషర్ వేసి మరకి గ్రీజు రాస్తే ఏళ్ళు గడిచిపోతాయి. తిరగేస్తే ప్రమాదం: స్టీలు పలకకి అల్యూమినియం రివెట్లు కొడితే ఆ చిన్న రివెట్ల మీదే దాడంతా పడుతుంది, త్వరగా రాలిపోతాయి.

స్టెయిన్‌లెస్ నట్టుని డ్రిల్లు పెట్టి వేగంగా బిగించొద్దు. మరలు వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తర్వాత కోయడమే గతి. చేత్తో, గ్రీజు రాసి.

పనిముట్లు కొనేటప్పుడు

మొదటి పెట్టెకి పెద్ద జాబితా అక్కర్లేదు. ప్లస్ స్క్రూడ్రైవర్లు 1, 2 నంబర్లు, ఒక మైనస్, 8 అంగుళాల కటింగ్ ప్లేయర్, 10 అంగుళాల స్క్రూ స్పానర్, 8 నుంచి 19 మిల్లీమీటర్ల దాకా రింగు పానాలు, అరకిలో సుత్తి, హ్యాక్సా, టేపు, జానెడు రసమట్టం, మల్టీమీటరు. హ్యాక్సా బ్లేడు అంగుళానికి 24 పళ్ళది పైపులకి, యాంగిల్‌కి. పల్చటి రేకుకి 32. కోసే లోహం మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఉండాలి, లేకపోతే పళ్ళు విరుగుతాయి. చేతి పనిముట్లకి పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ దుకాణాలు తిరగొచ్చు. మర కోయించాలన్నా, షాఫ్టు తిప్పించాలన్నా గాజువాక ఆటోనగర్ లేత్ షాపులకి వెళ్ళాలి.

గోడకి చిల్లు

డ్రిల్లు కొనేముందు మీ గోడ ఏదో తెలుసుకోండి. ఎర్ర ఇటుకకి, బూడిద ఇటుకకి 550 నుంచి 650 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు సరిపోతుంది. కొత్త అపార్టుమెంట్లలో గోడంతా కాంక్రీటే అయితే ఆ డ్రిల్లుతో పది నిమిషాలు నొక్కినా సెంటీమీటరు దిగదు, బిట్టు కాలిపోతుంది. దానికి ఎస్డీఎస్ ప్లస్ బిట్టు పట్టే రోటరీ హ్యామర్ కావాలి, 800 వాట్లది. ఏడాదికి నాలుగు చిల్లులకి కొనే వస్తువు కాదు, అద్దెకి తెచ్చుకోండి. తెల్లటి తేలిక బ్లాకు గోడకి హ్యామర్ అస్సలు పెట్టొద్దు, చిల్లు వెడల్పై ప్లగ్గు నిలవదు. ఊరికే తిప్పితే చాలు.

ప్లగ్గు ఊడి రావడానికి ముఖ్య కారణం ప్లాస్టరింగ్. పైన 12 నుంచి 15 మిల్లీమీటర్లు సిమెంటు పూతే ఉంటుంది, దానికి పట్టు లేదు. ప్లగ్గు మొత్తం ఇటుకలోకి వెళ్ళాలి. 8 మిల్లీమీటర్ల ప్లగ్గు 40 పొడవుదైతే 15 పూతతో కలిపి 55, దుమ్ముకి ఇంకో 10, మొత్తం 65 మిల్లీమీటర్ల లోతు. బిట్టు మీద ఆ కొలత దగ్గర టేపు చుట్టండి. చిల్లులో దుమ్ము సైకిలు పంపుతో ఊదేయండి, కళ్ళజోడు పెట్టుకునే. 8 ప్లగ్గుకి 5 మిల్లీమీటర్ల స్క్రూ, 6 ప్లగ్గుకి 4. సన్నటి స్క్రూ వేస్తే ప్లగ్గు విచ్చుకోదు.

టైలు మీద హ్యామర్ ఆపేసి, టేపు అంటించి, టైలు బిట్టుతో నెమ్మదిగా మొదలుపెట్టి, టైలు దాటాకే హ్యామర్ వేయండి. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైన, కింద, అలాగే అడ్డంగా అదే ఎత్తులో చిల్లు పెట్టకండి, వైర్లు ఆ దారుల్లోనే వెళ్తాయి. బాత్రూంలో కొళాయికి పైనా కిందా పైపు ఉంటుంది.

బాల్కనీ గ్రిల్లుకి రంగు

ఈ ఊళ్ళో ఏటా రంగు వేసే గ్రిల్లులున్నాయి. ఏటా వేయాల్సి వస్తోందంటే రంగు వేసే క్రమం తప్పింది. సరిగ్గా వేస్తే ఎదురుగాలి ముఖానికి కూడా మూడు నాలుగేళ్ళు నిలుస్తుంది.

కాలం ముందు. డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా మంచిది. అప్పుడు కూడా పొద్దున పది దాటాక, మంచు తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టి మూడింటికల్లా ఆపేయాలి. సాయంత్రం ఇనుము గాలి కంటే ముందు చల్లబడి, పచ్చి రంగు మీద తేమ దిగుతుంది. మర్నాటికి మెరుపు పోయి పాలిపోయినట్టు కనిపించే రంగుకి కారణం అదే.

మొదటిరోజు కడగడమే. సబ్బునీళ్ళు, తర్వాత మంచినీళ్ళు. ఆరాక ఉబ్బిన రంగంతా గీకుడు బ్లేడుతో తీసి, తీగ బ్రష్, 80 నంబరు ఎమరీ. గట్టిగా అంటుకున్న పాత రంగు తీయనక్కర్లేదు, 180 నంబరు ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్) గరుకు చేస్తే చాలు. గ్రైండరుకి తీగ కప్పు తగిలిస్తే పని త్వరగా అవుతుంది కానీ తీగలు ఊడి ఎగురుతాయి, ముఖమంతా కప్పే షీల్డు లేకుండా వద్దు. చాలా పాత ఇళ్ళ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దకండి, తడి ఎమరీతో రుద్ది, రజను కాగితం మీద పోగేసి పారేయండి.

ఇక్కడ అందరూ వదిలేసే మెట్టు: తుప్పు గీకాక మళ్ళీ కడగాలి. ఉప్పు ఎక్కువగా ఉండేది తుప్పు గుంటల అడుగునే. గీకితే అది బయటపడుతుంది, కడిగితేనే పోతుంది. గుంటలో నల్లగా చెమ్మగా కనిపిస్తుంటే ఇంకా ఉంది. టూత్‌బ్రష్‌తో నీళ్ళు పోస్తూ తోమి, గుడ్డతో ఒత్తి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి టీడీఎస్ పరీక్ష ఇక్కడ చేయండి.

ఆరిన రోజే ప్రైమర్ పడాలి, రెండు మూడు గంటల్లో. రాత్రి దాటితే కొత్త ఉప్పు, కొత్త తుప్పు. రెడాక్సైడ్ ప్రైమర్ చవక, కానీ అది ఒక్కటే గాలికి వదిలితే తేమని ఆపదు. పైన ఎనామిల్ పడితేనే రక్షణ. ఎదురుగాలి ముఖానికి రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ దగ్గర డబ్బు పెట్టండి, మిగతా చోట్ల రెడాక్సైడ్ చాలు. ఎపాక్సీలో గట్టిపడే భాగం డబ్బా మీద చెప్పిన పాళ్ళలోనే కొలిచి కలపాలి. ఎక్కువేస్తే త్వరగా ఆరదు, జిగురుగా ఉండిపోతుంది. కలిపాక గంటల్లో గట్టిపడుతుంది కాబట్టి చిన్న గిన్నెలో కొంచెం కొంచెంగా కలుపుకోండి.

రంగు ఎప్పుడూ అంచుల దగ్గర పల్చబడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకని ప్రతి పూతకీ ముందు అంగుళం బ్రష్‌తో మూలలు, అంచులు, వెల్డింగ్ మచ్చలు విడిగా వేసి, ఆ తర్వాత అంతా వేయండి. రెండు పూతలు ప్రైమర్, రెండు పూతలు ఎనామిల్. మొదటి ప్రైమర్ ఎరుపైతే రెండోది బూడిదరంగు తీసుకోండి, ఎక్కడ వదిలేశారో కనిపిస్తుంది.

గ్రిల్లు కాలు సిమెంటులో దిగేచోట నీళ్ళు నిలుస్తాయి. ముందుగా చచ్చేది ఆ రెండంగుళాలే. పగిలిన సిమెంటు గీకి, ఇనుముకి ప్రైమర్ వేసి, ఆరాక చుట్టూ పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్ వాలుగా పెట్టండి, నీరు బయటికి జారేలా. రంగంతా అయ్యాక నెలకోసారి ఒక బకెట్ మంచినీళ్ళు పోసి కడిగితే రంగు ఆయుష్షు పెరుగుతుంది. వానకి తడిసే గ్రిల్లు కంటే, పైన సన్‌షేడ్ ఉండి వాన తగలని గ్రిల్లే ముందు తుప్పు పడుతుంది, ఎందుకంటే దాన్ని కడిగేవాళ్ళు లేరు.

కారే కొళాయి

పాతరకం కొళాయి, అంటే నాలుగైదు చుట్లు తిప్పి కట్టేదైతే లోపలి రబ్బరు వాషర్ మార్చాలి. కింద యాంగిల్ కాక్ గానీ పైన ట్యాంకు వాల్వు గానీ కట్టి, కొళాయి తెరిచి నీరు ఖాళీ చేసి, పిడి తీసి, స్పిండిల్‌ని స్క్రూ స్పానర్‌తో విప్పండి. కొత్త వాషర్ వేసినా కారుతుంటే కూర్చునే ఇత్తడి అంచు గుంటలు పడింది, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. అప్పుడు కొళాయి మార్చడమే నయం. పావు చుట్టుకే కట్టుబడే కొళాయిలో సిరామిక్ పలకలుంటాయి, వాషర్ ఉండదు. స్పిండిల్ మొత్తం మార్చాలి. పాతది జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళండి. పొడవు, పై పళ్ళ లెక్క కంపెనీకో రకం.

టెఫ్లాన్ టేపు మర మీ వైపు పెట్టుకుని గడియారం దిశలో లాగుతూ పది పన్నెండు చుట్లు. తిరగేసి చుడితే బిగించేటప్పుడు పోగైపోతుంది. ప్లాస్టిక్ మర ఉన్న చోట ఐదారు చుట్లు చాలు, చేత్తో బిగించి ఆపై ఒక చుట్టు. పైపు రెంచీతో బిగిస్తే ఆరోజు ఆగుతుంది, వారంలో నిట్టనిలువుగా పగులుతుంది. ఇనుప మర దిగే ప్లాస్టిక్ ఫిట్టింగ్ కొనేటప్పుడు లోపల ఇత్తడి మర ఉన్నది అడగండి.

ఉబ్బిన తలుపు

వానాకాలంలో పట్టేసే తలుపుని జులైలో చిత్రిక పట్టొద్దు. మార్చికి కర్ర ఆరి సందు పడుతుంది. ముందు పై బందు స్క్రూలు చూడండి. చాలాసార్లు తలుపు ఉబ్బలేదు, వాలింది. స్క్రూ తిరుగుతూ పట్టకపోతే చిల్లులో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్లలు నింపి, రాత్రి ఆరనిచ్చి, రెండంగుళాల స్క్రూ వేయండి. నిజంగా ఉబ్బిందైతే కార్బన్ కాగితం సందులో పెట్టి తలుపు మూసి తీయండి, మచ్చ పడ్డచోటే రుద్దితే సరి. ఎండాకాలంలో తలుపు దింపి కింది అంచుకి, పై అంచుకి వార్నిష్ వేయండి. వడ్రంగులు కనపడదని వదిలేసేది ఆ రెండే, తేమ పీల్చేదీ ఆ రెండే.

అక్టోబరులోపు కిటికీలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది ఇక్కడే. అప్పటి ఈదురుగాలి చూసినవాళ్ళకి జారుడు కిటికీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. సెప్టెంబరులోనే ఒక్కో కిటికీ తలుపునీ పైకెత్తి, ట్రాక్‌లోంచి తీసి చూడండి. ట్రాక్ కింద బయటివైపు నీరు పోయే చిన్న చిల్లులుంటాయి, ఇసుకా పావురాల చెత్తా చేరి మూసుకుపోతాయి. తీగతో పొడిచి మగ్గు నీళ్ళు పోసి పారుతున్నాయో చూడండి. అవి మూసుకుంటే నీళ్ళు గదిలోకే వస్తాయి. అరిగిన చక్రాలు మార్చండి. చక్రం అరిగితే కిటికీ దిగిపోయి, పైన ట్రాక్‌లో పట్టు తగ్గుతుంది. గాలికి ఊడేది అలాంటిదే. గొళ్ళెం రెండువైపులా పూర్తిగా పడుతోందా, పైన తలుపు ఎగరకుండా ఆపే ముక్క ఉందా చూసుకోండి.

చట్రానికీ గోడకీ మధ్య పాత సిలికాన్ పూర్తిగా తీసేసి కొత్తది పెట్టండి, పాతదానిమీద కొత్తది అంటదు. కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం సిమెంటుకి సరిగ్గా పట్టదు, ఆరేటప్పుడు వదిలే ఆమ్లం లోహాన్ని కూడా తింటుంది.

ఫ్యాను పిన్నులు

సీలింగ్ ఫ్యాను నిలబడేది రెండు బోల్టులు, రెండు స్ప్లిట్ పిన్నుల మీద: పైన కొక్కెం దగ్గర ఒకటి, కింద మోటారు దగ్గర ఒకటి. ఎదురుగాలి గదుల్లో ఈ పిన్నులు పల్చటి రేకులా మారి విరుగుతాయి. ఏటా ఒకసారి ఎంసీబీ (కరెంటు బోర్డులోని బ్రేకర్ స్విచ్) కట్టి, మల్టీమీటరుతో కరెంటు లేదని నిర్ధారించుకుని, పై కప్పు దింపి చూడండి. టెస్టరు వెలగకపోవడాన్ని నమ్మకండి, చెడిపోయిన టెస్టరు కూడా వెలగదు. పిన్ను ఎర్రబడితే ఆలోచించకుండా స్టెయిన్‌లెస్ పిన్ను వేసి, రెండు కాళ్ళూ పూర్తిగా విడదీసి వంచండి. వంచి విప్పిన పిన్నుని మళ్ళీ వాడకూడదు. శ్లాబు కొక్కెమే సగం తినేసి ఉంటే ఫ్యాను దింపేయండి, కొత్త కొక్కెం కాంక్రీటులో యాంకర్ బోల్టుతో అనుభవమున్న మేస్త్రీ చేత వేయించండి.

కప్పు దింపినప్పుడే కెపాసిటర్ కూడా చూడొచ్చు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నా, చేత్తో తోస్తేనే కదులుతున్నా సాధారణంగా అదే. పాతదాని మీద రాసున్న విలువే కొనండి, చాలా ఫ్యాన్లలో 2.5 మైక్రోఫారడ్లు. వేగం కోసం 4 వేస్తే వైండింగ్ వేడెక్కి కాలుతుంది. వైర్లు విప్పేముందు ఫోటో తీసుకోండి, కెపాసిటర్ రెండు కాళ్ళనీ ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో కలిపి ఖాళీ చేయండి. కనెక్టరులో వైరు చివర ఆకుపచ్చ పొడి పట్టి ఉంటే రాగిని మెరిసేదాకా వెనక్కి కోసి కొత్తగా బిగించండి. ఆ పొడి ఉన్నచోట వేడి పుడుతుంది.